గంపతో చూసిన వీధి

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు నాగదుర్గ ముందు ఇంటివాళ్ళ మొహాలు చూసేది, ఆ తర్వాతే గదులు. గదులదేముంది, ఎక్కడైనా అవే. రెండు కిటికీలు, సిమెంటు అలమర, పాత కేలెండరు దిగిపోయాక గోడకి మిగిలిన మేకు. మొహాలే ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా మారతాయి. రాజోలు పోస్టాఫీసు నుంచి రాజమండ్రికి బదిలీ అయిన ఈ పన్నెండు రోజుల్లో ఆమె తొమ్మిది ఇళ్ళు చూసింది. గోదావరికి అవతల కొవ్వూరులో, ఆడపడుచు ఇంట్లో కూతురు గీతికతో సర్దుకుని ఉంటూ, పొద్దున్నే బస్సులో వంతెన దాటి ఆఫీసుకి రావడం, సాయంత్రం కౌంటరు మూసి వీధులు పట్టుకు తిరగడం. భర్త పల్లంరాజు పోలవరం పనుల్లో క్రేను ఆపరేటరు. ఆదివారం తప్ప దొరకడు. దొరికిన ఆదివారం కూడా, "నువ్వు చూస్తే చాల్లే" అని తప్పుకుంటాడు.

మొదటి ఇంటాయన ఇంటిపేరు అడిగాడు. "కొల్లాటి అండి" అంది. "ఏ వైపు?" అన్నాడు. "రాజోలు దాటాక, సముద్రం వైపండి" అంది. అంతే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇంట్లోకి వచ్చే వారమే తన బావమరిది దిగుతున్నట్టు ఆయనకి గుర్తొచ్చింది. రెండో ఇంటావిడ, "మేం గుడ్డు కూడా ముట్టమండి, వాసన పడదు" అని మొహమ్మీదే చెప్పేసింది. ఆవిడ మీద నాగదుర్గకి కోపం రాలేదు. చెప్పేసేవాళ్ళతో పేచీ లేదు, చెప్పనివాళ్ళతోనే వచ్చిన చిక్కంతా. మూడో ఇంట్లో అన్నీ కుదిరాయి, ఇంటాయన కాఫీ కూడా ఇప్పించాడు.

"మీతోపాటు ఇంకెవరుంటారమ్మా?"

"మా అమ్మండి. పాపని చూసుకోడానికి వస్తుంది."

"ఆవిడేం చేస్తుంటారు?"

"చేపలమ్ముతుందండి."

ఆయన గ్లాసు కింద పెట్టి, "ఇక్కడ నీళ్ళకి మహా ఇబ్బందమ్మా. మీరు పడలేరు" అన్నాడు. ఆయన వెనకే కొళాయి కింద బకెట్టు నిండి పొర్లిపోతోంది.

ఆ రోజు నుంచి ఎక్కడా తల్లి ఊసెత్తడం మానేసింది. ఊసెత్తకపోయినా ఆమె వెతుకుతున్నదంతా తల్లి కోసమే. బళ్ళు తెరిచేసరికి గీతిక ఒకటో తరగతిలో చేరాలి. తల్లి మరిడమ్మ వచ్చి ఉంటేనే తన ఉద్యోగం, పిల్ల చదువు రెండూ నడుస్తాయి. వచ్చాక అమ్మ దొడ్డిదారిన తిరగకూడదు. ముందు గేటు తీసుకుని రావాలి, గుమ్మంలో కూర్చుని పక్కింటావిడతో కబుర్లు చెప్పుకోవాలి, అమ్మని చూసి ఎవరూ ముక్కు మూసుకోకూడదు. అలాంటి వీధి ఈ ఊళ్ళో ఒక్కటుంటే చాలు.

పదో ఇంటి సంగతి ఆఫీసులో పక్క కౌంటరు సత్యవాణి చెప్పింది. "ఆ వీధిలో అన్ని రకాలవాళ్ళూ ఉంటారు దుర్గా. చివర చర్చి, మధ్యలో మస్తాన్ అని టైలరు, ఎదురుగా రిటైరైన హెడ్మాస్టరు. సాయంత్రమైతే పిల్లలంతా వీధిలోనే ఆడతారు. మీ పాపకి బావుంటుంది."

అన్ని రకాలవాళ్ళూ ఉంటారంటే ఎవరికెవరూ పట్టరనేమో, అనుకుంది నాగదుర్గ. అనుకుంటూనే వెళ్ళింది.

ఇంటావిడ పేరు సూర్యకాంతమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. భీమవరం పక్క రాజులు. కొడుకు ఊళ్ళో చేపల చెరువులు చూసుకుంటాడు, ఈవిడ ఇక్కడ ఒక్కతే ఉంటూ పక్క వాటా అద్దెకిస్తుంది. నాగదుర్గ పేరు, ఉద్యోగం, భర్త పేరు, ఇంటిపేరు, వచ్చిన వైపు అన్నీ అప్పజెప్పి, రాబోయే ప్రశ్న కోసం కాచుకుని నిలబడింది. ఆవిడ అడిగింది వేరు.

"మోటారు వేసి మరిచిపోయే రకమా మీరు?"

"కాదండి."

"గేటు దభాలున వేస్తారా?"

"లేదండి."

"అయితే చూసుకోండి" అని తాళాల గుత్తి చేతిలో పెట్టి, వెళ్ళి టీవీ ముందు కూర్చుంది.

అంతే! మీవాళ్ళెవరు అని లేదు, ఏం వండుతారు అని లేదు. నాగదుర్గకి అనుమానం పట్టుకుంది. తొమ్మిది ఇళ్ళలో అడిగిన ప్రశ్న ఇక్కడ అడగలేదంటే ఏదో ఉంది. గోడలు తట్టి చూసింది, చెమ్మ లేదు. వంటింటి తూము దగ్గర వంగి వాసన చూసింది, వాసన లేదు. పల్లంరాజు అన్న పేరు విని తమ రాజుల్లో కలిపేసుకుందా ఈవిడ? రేపు నిజం తెలిశాక సామాన్లు వీధిలో పెడుతుందా?

"ఇదివరకు ఎవరుండేవారండీ?" అనడిగింది తాళాలు తిరిగిస్తూ.

"ఓ లెక్చరరు. పెళ్ళి కుదిరి పెద్ద ఇంట్లోకి మారిపోయాడు."

బయటికొచ్చి మస్తాన్ టైలరు దగ్గర ఆగి అదే అడిగింది. అతను కుట్టు ఆపకుండానే, "లెక్చరరుగారమ్మా. పెళ్ళయింది, మారిపోయారు" అన్నాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పేసరికి ఆమె అనుమానం రెట్టింపయింది. అందరూ కూడబలుక్కున్నారేమో అనుకుంటూ బస్సెక్కింది.

మరునాడు మరిడమ్మ ఎండుచేపల మూటతో కొవ్వూరు దిగింది. కూతురు చెప్పిందంతా విని, మనవరాలి జడ దువ్వుతూ నవ్వింది.

"ఈధి ఎలాంటిదో అద్దెకెళ్ళినోళ్ళకి తెలీదే పిల్లా. గంపెత్తుకెళ్తే తెలుస్తాది."

"ఏంటమ్మా, నువ్వనేది?"

"ఎల్లుండి పొద్దున్న మార్కెట్లో చేపలేసుకుని నీ ఈధిలోకి ఎల్తాను. ఎవరెలా పిలుస్తారో, ఎవరు మంచినీళ్ళిస్తారో చూస్తాను. ఆఖర్న గంప తలకెత్తుకునేటప్పుడు ఇంకో మనిషి చెయ్యెయ్యాలా? ఎవరేస్తారో చూస్తాను. బేరం దగ్గర అందరూ గడుసోళ్ళేనే. కానీ చేపల గంపకి చెయ్యేశారంటే ఆళ్ళ పక్కన కాపరం చెయ్యొచ్చు. ముప్పై ఏళ్ళనుంచి నేను మనుషుల్ని చూసేది ఇలాగే."

నాగదుర్గకి ఇది బాగా నచ్చింది. ఇంతకంటే మంచి పరీక్ష ఎవరు పెట్టగలరు? "నీ కూతుర్నని మాత్రం ఎవరికీ చెప్పకు. తెలిస్తే నటిస్తారు" అంది.

"నాకెందుకే చెప్పడం" అంది మరిడమ్మ.

శనివారం పొద్దున్న నాగదుర్గ ఆఫీసులో రెండు గంటలు పర్మిషను పెట్టింది. దూరాన్నుంచి చూస్తే చాలనుకుంది గానీ మనసు ఊరుకోలేదు. గుమ్మాలకి తెరలు కొలుచుకుంటానన్న వంకతో టేపు పట్టుకుని సూర్యకాంతమ్మ ఇంటికే వెళ్ళింది. ఖాళీ వాటా ముందు గది కిటికీ దగ్గర నిలబడితే వీధంతా కనిపిస్తుంది.

తొమ్మిదవుతుంటే కేక వినిపించింది. "చేపలమ్మా... జెల్లలూ, శీలావతులో!" ఊళ్ళో వినే కేకే, ఈ వీధిలో వింటుంటే నాగదుర్గకి కొత్తగా ఉంది. మరిడమ్మ నీలం చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గంప కింద మెడ నిటారుగా పెట్టుకుని వస్తోంది. చర్చి పక్కింటి అమ్మాయి నైటీ మీద తువ్వాలు వేసుకుని పరిగెత్తుకొచ్చింది. హెడ్మాస్టరు భార్య మేడ మీంచే, "జెల్లలు బతికున్నవేనా?" అనడిగి కిందికి దిగింది. మస్తాన్ పెళ్ళాం సీసాతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఆ సీసా పైకెత్తి పోసుకోమందా, నోటితో తాగమందా? నాగదుర్గ మెడ సాచి చూసింది. మరిడమ్మ తన అలవాటు కొద్దీ పైకెత్తే తాగింది. ఏమీ తేలలేదు.

"ఏయ్, ఇలా తీసుకురా!" పక్కనే సూర్యకాంతమ్మ గొంతు ఖంగుమంది. ఆవిడ ముందు వరండాలోకి వచ్చి నిలబడి చెయ్యి ఊపుతోంది.

మరిడమ్మ గేటు తీసుకుని లోపలికి వచ్చింది. కిటికీలో కూతురు కనిపించినా చూపు నిలపలేదు. గంప దింపుకుని, శీలావతి మొప్ప ఎత్తి ఎర్రదనం చూపించింది. సూర్యకాంతమ్మ వేలితో వీపు నొక్కి చూసి, "ఇది కొయ్యి. పెద్ద ముక్కలు. ఆ ఎండలో ఏం కూర్చుంటావు, వరండాలోకి వచ్చి కొయ్యి" అంది.

సరిగ్గా ఆ మాటకే నాగదుర్గ బయటికొచ్చింది. ఎందుకొచ్చిందో తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆవిడ మంచితనం నిజమో అబద్ధమో ఇంకొంచెం గుచ్చి చూడాలనిపించిందో, ఈ ఇల్లు రేపు తనదే అవుతుందన్న ఆత్రమో. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"గచ్చంతా నీచువాసన పట్టేస్తుందేమోనండి. బయటే కోయించుకుంటే బావుంటుంది."

సూర్యకాంతమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. మరిడమ్మ అప్పటికే వరండా మెట్టు మీద కత్తిపీట పెట్టింది. దాన్ని మళ్ళీ ఎత్తి చంకన పెట్టుకుంది, చేపని తోకతో పట్టుకుని గేటు బయటికి వెళ్ళింది, ఎండలో గొంతుక్కూర్చుంది. కాలి బొటనవేలు కత్తిపీట మీద అదిమి, పొలుసు తీయడం మొదలుపెట్టింది. పొలుసులు తారురోడ్డు మీద చిట్లి పడుతున్నాయి. జూన్ నెల ఎండ. ఆవిడ మెడ మీంచి చెమట రవికలోకి కారుతోంది.

"ఏ ఊరు నీది?" వరండాలోంచే అడిగింది సూర్యకాంతమ్మ.

"అంతర్వేది పక్కండి."

"మీదీ ఆ వైపే అన్నారు కదండీ" అని నాగదుర్గ వైపు తిరిగింది. "ఈమె మీకు తెలుసా?"

కత్తిపీట చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే.

"తెలీదండి" అంది నాగదుర్గ. "అటు చాలా ఊళ్ళుంటాయి."

చప్పుడు మళ్ళీ మొదలైంది. మరిడమ్మ ముక్కలు కడిగి గిన్నెలో వేసిచ్చి, డబ్బు రొంటిన దోపుకుని, గుడ్డ చుట్ట తలమీద పెట్టుకుంది. సూర్యకాంతమ్మ మెట్లు దిగి గంప దగ్గరికి వచ్చింది గానీ భుజం పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. "మీరు కాస్త చెయ్యెయ్యండి" అంది నాగదుర్గతో.

ఎత్తడం రానట్టు ఎత్తాలి. వేలికొసలతో, మొహం పక్కకి తిప్పుకుని. నాగదుర్గ అలాగే వంగింది. కానీ చేతులు గంప అంచుకి తగిలేసరికి ఎడమ మోకాలు దానంతటదే మడత పడింది, కుడి అరచెయ్యి గంప అడుక్కి వెళ్ళింది. తల్లి ఊపిరి బిగబట్టింది, తనూ బిగబట్టింది. ఒకటీ రెండూ అనుకునే పనే లేకపోయింది. గంప నేలమీంచి తలమీదికి ఒక్క ఊపులో చేరింది. ఏడేళ్ళ వయసునుంచి రోజూ ఎత్తిన గంప.

బస్సుస్టాపులో నాగదుర్గ తల్లిని కలిసింది. ఖాళీ గంప పక్కన పెట్టుకుని మరిడమ్మ కొళాయి కింద కాళ్ళు కడుక్కుంటోంది.

"ఈధి మంచిదే. టైలరు పెళ్ళాం మంచినీళ్ళిచ్చింది. మేష్టారుగారి ఆడమనిషి రెండుసార్లు గంపకి చెయ్యేసింది. చర్చికాడ పిల్ల డబ్బులు మళ్ళీ ఇస్తానంది, అయిదు నిమిషాలకి ఎనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చింది."

"మరి ఇంటావిడ?"

"నీడలో కూకోమంది" అంది మరిడమ్మ. కాళ్ళు తుడుచుకుని, "తీసుకో ఆ ఇల్లు" అంది.

అప్పుడు తట్టింది నాగదుర్గకి. ఇల్లు తీసుకుంటుంది, బాగానే ఉంది. అమ్మ ఆ ఇంట్లోకి ఎలా వస్తుంది? వీధంతా ఆవిణ్ణి చూసింది. ఇంటావిడ ముందు తనే తెలీదంది. పరీక్ష పెట్టాలన్న తెలివి వచ్చింది గానీ, ఆ మర్నాటి సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

కూతురి మొహం చూసి మరిడమ్మకి అర్థమైంది. "పాపని చూసుకోడానికి పనికి పెట్టుకున్నానని చెప్పు. మొన్న చేపలమ్ముతుంటే కుదుర్చుకున్నానని చెప్పు. నాకేటి?" అంది. వెక్కిరింపుగా కూడా అనలేదు. అందుకే అది నాగదుర్గకి మరీ గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రం సూర్యకాంతమ్మ ఫోను చేసింది. "రేపొకసారి రండి. మాట్లాడాలి" అని, కారణం చెప్పకుండా పెట్టేసింది. నాగదుర్గ ఆ నాలుగు మాటల్నీ తిరగేసి మరగేసి చూసుకుంది. ఎవరో చెప్పేసి ఉంటారు. మనం ఫలానా అని తెలిసిపోయి ఉంటుంది. ఆఖరికి ఈవిడా అంతేనన్నమాట. అలా అనుకున్నాక ఆమెకి కొంత ఊరట కూడా కలిగింది. తప్పు అటువైపుంటే మోయడం తేలిక.

పల్లంరాజు ఆదివారం పొద్దున్నే పోలవరం నుంచి వచ్చాడు. జరిగింది విని అత్తగారి మొహం చూడలేకపోయాడు. "వెళ్ళి నిజం చెప్పేసి రా. ఇస్తే ఇస్తుంది, లేకపోతే పదకొండో ఇల్లు చూద్దాం. అత్తని పనిమనిషిని చేసే ఇల్లు నాకొద్దు" అన్నాడు. పాపతో తను కొవ్వూరులోనే ఉండిపోయాడు.

తల్లీ కూతుళ్ళిద్దరూ వీధిలోకి వచ్చేసరికి హెడ్మాస్టరు తన గేటు దగ్గర పేపరు పట్టుకుని నిలబడ్డాడు. పేపరు పైనుంచి వాళ్ళిద్దర్నీ చూశాడు. టైలరు మిషను ఆపి చూశాడు. సూర్యకాంతమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మరిడమ్మని చూడగానే ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి.

"అనుకున్నాను" అంది. "ఈమె మీకు తెలీదన్నారు నిన్న. తెలీని మనిషితో గంప అలా ఎత్తరండి. మా చెరువుల మీద చేపల పట్టుబడి అయితే గంపలు మోసేది మీవాళ్ళే. ఎంతమందిని చూశాను నేను! మాటా మంతీ లేకుండా ఒక్క ఊపులో ఎత్తేశారు. ఎందుకు అబద్ధమాడారా అని నిన్నట్నుంచీ ఒకటే గుబులు. ఒకరు కొలతలంటూ లోపలికొచ్చి, ఒకరు గంపతో వీధి తిరిగి, ఏ ఇంట్లో ఎవరున్నారో చూసుకునే ముఠా ఏమోనని మేష్టారికి కూడా చెప్పి ఉంచాను. ఎవరీమె?"

నాగదుర్గ తల్లి పక్కకి జరిగింది.

"మా అమ్మండి."

సూర్యకాంతమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. దొంగలన్నా ఆవిడ అంత తెల్లబోయేది కాదేమో.

"కన్నతల్లినా," అంది, "నేను నీడలోకి రమ్మంటే ఎండలోకి పంపించింది?"

"తొమ్మిది ఇళ్ళు చూశామండి" అంది నాగదుర్గ. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మా ఇంటిపేరు వినగానే అందరూ ఏదో వంక పెట్టారు. మా అమ్మ చేపలమ్ముతుందంటే నీళ్ళు రావన్నారు. మీ వీధి ఎలాంటిదో ముందే చూసుకుందామని..."

"నేనడిగానా మీవాళ్ళెవరని?"

"అడగలేదండి. అడగలేదనే అనుమానమొచ్చింది."

"ఇంటిపేరు చెప్పారు, సముద్రం వైపన్నారు. ఇంకా అడగడానికేముంది?" సూర్యకాంతమ్మ కుర్చీ చేతుల మీద బలం ఆన్చి లేచి నిలబడింది. "మీకు ఇల్లివ్వనండి."

"మేం చేపలవాళ్ళమనేనా?" అనేసింది నాగదుర్గ. ఇన్ని రోజులుగా నాలుక చివర ఉన్న మాట.

"కాదు. నేనొక్కదాన్నీ ఉండేదాన్ని. పక్క వాటాలో మనిషి చెప్పింది నమ్మగలగాలి. తల్లినే ఎరగనన్న మనిషి రేపు నాకేం చెప్పినా నేను నమ్మలేను."

నాగదుర్గ అలవాటు కొద్దీ ఆవిడ మొహం వెతికింది. బావమరిది వస్తున్నాడన్న మొహం కాదిది, నీళ్ళు రావన్న మొహం కాదు. పట్టుకుని తిట్టుకోవడానికి అందులో ఏమీ దొరకలేదు. ఇంతకాలం ఎదుటివాళ్ళలో వెతికినది తన నోట్లోంచే వచ్చిందని అప్పుడు పూర్తిగా తెలిసి, సిగ్గుతో కళ్ళు వాల్చుకుంది. నిన్నటి పొలుసులు రెండు మూడు ఇంకా గేటు బయట తారుకి అంటుకుని ఉన్నాయి.

మరిడమ్మ ముందుకొచ్చింది. "తప్పు నాదేనండి. నేను తల్లినని ఎవరికీ చెప్పొద్దని మేమే అనుకున్నాం. పిల్ల భయపడిపోయింది. పదవే, ఎల్దాం" అని కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"మీరు ఆగండి" అంది సూర్యకాంతమ్మ. నిన్న ఏయ్ అని పిలిచిన మనిషి ఆవిడకి కుర్చీ చూపించింది. మరిడమ్మ కుర్చీలో కూర్చోలేదు, వరండా మెట్టు మీద నీడలో కూర్చుంది. "పేరేంటండీ?"

"మరిడమ్మండి."

"మరిడమ్మగారూ, వీధంతా చూశారు కదా. ఎలా ఉంది?"

"బాగానే ఉందండి. మీరు బేరం ఆడలేదు, చేప మాత్రం సరిగ్గా చూసుకున్నారు."

సూర్యకాంతమ్మకి నవ్వు రాబోయింది గానీ రానివ్వలేదు. "అమ్మాయిగారికి ఇవ్వనన్నాను, ఆ మాట మీద ఉంటాను. మీకు కావాలంటే మాత్రం ఇస్తాను. అగ్రిమెంటు మీ పేరున రాయిద్దాం. ఏమంటారు?"

"నాకాండీ?" మరిడమ్మ తడబడింది. ఆవిడ పేరున ఇంతవరకూ ఏ ఊళ్ళోనూ ఏ ఇల్లూ లేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుంది, గోడలవైపు చూసింది, గేటు వైపు చూసింది. "మోటారు నాకు వెయ్యడం రాదండి."

"నేర్పుతాను."

"అయితే సరేనండి."

నాగదుర్గ ఇంకా గేటు దగ్గరే ఉంది. లోపలికి అడుగు వెయ్యాలో బయటికి వెళ్ళాలో తెలియలేదు. తనని ఎవరూ పిలవలేదు.

సూర్యకాంతమ్మ లోపల్నుంచి పుస్తకం, పెన్నూ తెచ్చుకుని కూర్చుంది. కళ్ళజోడు సర్దుకుని, అద్దెకి వచ్చేవాళ్ళని అడగవలసినట్టే అడిగింది.

"మీతోపాటు ఎవరుంటారండీ?"

మరిడమ్మ వెనక్కి తిరిగి గేటు వైపు చెయ్యి చాచింది.

"మా అమ్మాయండి. నాగదుర్గ. పోస్టాఫీసులో ఉద్యోగమండి" అంది.

ఆ మాట అనడానికి ఆవిడకి క్షణం కూడా పట్టలేదు.